మేనరికం చేసింది నేనే, తప్పు నాదేనా?

రాజాం దగ్గర ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. "మొన్నటిదాకా మాది శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం" అని మొదలుపెట్టారు. రాసినావిడకు యాభై ఏడేళ్లు. రెండు వైపులా నింపిన ఏడు కాగితాలు. గుర్తుపట్టే వివరాలు తీసేసి, సంగతి మాత్రం చెబుతున్నాను.

ఆవిడ తన పెద్దకొడుక్కి సొంత తమ్ముడి పెద్దకూతుర్ని చేసుకున్నారు. మరదలికి అంత ఇష్టం లేకపోయినా "అప్ప నోరు తెరిచి అడిగాక కాదంటామా" అని తమ్ముడే ఒప్పించాడట. రెండేళ్లకు మనవడు పుట్టాడు. నలభై రోజులు నిండకుండానే ఫిట్స్ మొదలయ్యాయి. ఇప్పుడు వాడికి మూడేళ్ల నాలుగు నెలలు. చెయ్యి పట్టుకుంటే నాలుగడుగులు వేస్తాడు. వస్తువు అందుకోబోతే చేతులు వణుకుతాయి. మాట రాలేదు. మూడు రకాల మందులు వాడుతుంటే ఫిట్స్ ఇప్పుడు రెండు మూడు నెలలకోసారి వస్తున్నాయి.

కిందటేడు విశాఖలో డాక్టరుగారు జన్యుపరీక్ష రాశారు. మొదట బాబుకి, తర్వాత తల్లిదండ్రులకి. రిపోర్టు వచ్చిన రోజు బయట జనం బారులు తీరి ఉన్నారు, ఆయన అయిదు నిమిషాల్లో చెప్పి పంపేశారు. కొడుకు ఇంటికొచ్చి "జీన్స్ ప్రాబ్లం అంట" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఇల్లు రెండుగా చీలింది. మరదలు "వద్దంటే విన్నారా, మేనరికం కొట్టేసింది" అంది. పక్కింటివాళ్లు గ్రహణం రోజు కోడలు బయటికొచ్చిందని గుర్తుచేశారు. అరసవల్లిలో, పైడితల్లమ్మ దగ్గర మొక్కులయ్యాయి.

ఇప్పుడు ఆవిడ ముందు మూడు చిక్కులున్నాయి. కోడలు ఇంకో బిడ్డ కావాలంటోంది, కొడుకు భయపడుతున్నాడు. రెండో కొడుక్కి తమ్ముడి రెండో కూతుర్నే చేసుకుందామని నాలుగేళ్ల కిందటే మాట అనుకున్నారు, ఇప్పుడు ఉంచాలా తెంచాలా తెలియడం లేదు. పెద్దకొడుకేమో డెబ్భై సెంట్ల పొలం అమ్మి, ఎక్కడో పెద్ద సిటీలో స్టెమ్ సెల్ (మూలకణ) వైద్యం చేయిస్తానంటున్నాడు.

సంతకం కింద వేరే పెన్నుతో ఇంకో రెండు వాక్యాలున్నాయి. "ఒకరోజు కోపంలో కోడల్ని నీ కడుపే అలాంటిది అనేశాను. వాడు నన్ను ఎప్పటికైనా మామ్మా అని పిలుస్తాడా?"

అమ్మా,

మీ ఉత్తరంతో పాటు పంపిన రిపోర్టు జెరాక్సులు కూడా చదివాను. మీరు మొట్టమొదట అడిగినదానికి సూటిగా చెబుతాను. బాబుకున్న జబ్బు మేనరికం వల్ల వచ్చింది కాదు. మీ మనసు కుదుటపడాలని అంటున్న మాట కాదిది. మీ బీరువాలో ఉన్న కాగితాల్లోనే రాసి ఉంది.

మనకు దాదాపుగా ప్రతి జన్యువుకీ రెండేసి ప్రతులుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. మేనరికంతో వచ్చే చిక్కు ఎలా ఉంటుందంటే, పైన ఒక తాతలోనో అమ్మమ్మలోనో ఒక ప్రతి చెడి ఉంటుంది. రెండో ప్రతి బాగుంటుంది కాబట్టి వాళ్లకేమీ తెలియదు. ఆ చెడ్డ ప్రతి ఇటు ఆడపడుచు పిల్లలకీ, అటు తమ్ముడి పిల్లలకీ చేరుతుంది. ఆ ఇద్దరికీ పెళ్లి చేస్తే, పుట్టే బిడ్డకు రెండు ప్రతులూ చెడ్డవే వచ్చే అవకాశం ఉంది. అలా వచ్చిన బిడ్డ రిపోర్టులో రెండు ప్రతులూ చెడినట్టు ఉంటుంది, తల్లిదండ్రులిద్దరి రిపోర్టుల్లో ఒక్కో ప్రతి చెడినట్టు ఉంటుంది.

మీ బాబు రిపోర్టులో "హెటరోజైగస్" అని ఉంది చూడండి. అంటే చెడింది ఒక్క ప్రతే. రెండో కాగితంలో, మీ అబ్బాయి రక్తంలోనూ కోడలి రక్తంలోనూ ఆ మార్పు లేదని ఉంది. దాని కిందే "డీ నోవో" అని రాశారు. కొత్తగా పుట్టింది అని దానర్థం. మీ పుట్టింట్లో లేదు, మెట్టినింట్లో లేదు. వాడితోనే మొదలైంది. మీ అబ్బాయి బయటి సంబంధం చేసుకున్నా ఇదే జబ్బుతో బిడ్డ పుట్టడానికి అంతే అవకాశం ఉండేది.

జన్యువు అనగానే వంశం అనుకోవడం మన అలవాటు. అందుకే "జీన్స్ ప్రాబ్లం" అన్న మాట మీ ఇంట్లో "రక్తంలో ఉంది" అయి కూర్చుంది. నిజానికి ప్రతి బిడ్డా తల్లిలోనూ తండ్రిలోనూ లేని కొత్త మార్పులు సుమారు 60, 70 వెంటపెట్టుకుని పుడతాడు. మీరూ అంతే, నేనూ అంతే. మూడు వందల కోట్ల అక్షరాల పుస్తకాన్ని చేత్తో తిరగరాస్తే ఆ మాత్రం అచ్చుతప్పులు రావా? చాలావరకు ఎవరికీ పట్టనిచోట పడతాయి. మీవాడికి పడకూడని చోట పడింది.

ఆ చోటు ఒక జన్యువు, పేరు ఎస్‌టీఎక్స్‌బీపీ1. పేరు నోరు తిరగకపోయినా ఫరవాలేదు, అది చేసే పని మీకు తెలియాలి. మెదడులో ఒక కణం పక్క కణానికి కబురు పంపాలంటే, ఆ కబురు మోసే రసాయనాన్ని కంటికి కనపడనంత చిన్న సంచుల్లో నింపి గుమ్మం దాకా తెస్తుంది. రైస్ మిల్లులో బస్తాలు తలుపు దగ్గర పేర్చినట్టు అనుకోండి. బస్తా గుమ్మానికి ఆనుకోవాలి, తాళ్లు బిగుసుకోవాలి, మూతి విప్పుకోవాలి, సరుకు అవతల పడాలి. మూతి విప్పుకుని సరుకు పడే ఆ చివరి ఘట్టం సెకనులో వెయ్యో వంతులో జరిగిపోతుంది. ఈ సంచుల రవాణా గుట్టు విప్పినందుకే రాత్‌మన్, షెక్‌మన్, సూడాఫ్ అనే ముగ్గురికి 2013లో నోబెల్ బహుమతి ఇచ్చారు. గుమ్మం దగ్గర తాళ్లు సరిగ్గా పడేలా చూసే కళాసీ లాంటి ప్రొటీన్ ఒకటుంది, మంక్ 18 అంటారు. దాన్ని తయారుచేసే జన్యువే ఇది. రెండు ప్రతుల్లో ఒకటి చెడితే కళాసీలు సగంమందే వస్తారు. బస్తాలున్నాయి, గుమ్మం ఉంది, అవతల ఎదురుచూసేవాళ్లూ ఉన్నారు. దించే చేతులే చాలడం లేదు. కొన్నిచోట్ల కబురు ఆగిపోతుంది, కొన్నిచోట్ల అదుపు తప్పుతుంది. అదుపు తప్పినప్పుడు ఫిట్స్. ఎదిగే వయసులో కబుర్లు సరిగ్గా అందక నడక, మాట వెనకబడతాయి. చేతుల వణుకూ అందులోదే.

ఈ జన్యువుకీ పసిపిల్లల ఫిట్స్‌కీ ఉన్న సంబంధం 2008లో జపాన్ పరిశోధకులు బయటపెట్టారు. అంతకుముందు పుట్టిన పిల్లలకు జబ్బుకి కారణమే తెలిసేది కాదు. ఆ రోజుల్లో అయితే మేనరికం మీదకో గ్రహణం మీదకో నెట్టేసి ఊరుకునేవారు, ఎవరూ కాదనడానికి ఉండేది కాదు. మీ చేతిలో కాగితం ఉంది. దాన్ని వాడుకోండి.

ఇక "నీ కడుపే అలాంటిది" అన్న మాట. వేరే పెన్నుతో రాశారంటే ఉత్తరం మడిచాక కూడా అది మిమ్మల్ని వదల్లేదన్నమాట. దాని గురించి రెండు విషయాలు చెప్పాలి. ఒకటి, అది నిజం కాదు. ఇలాంటి కొత్త మార్పుల్లో ఎక్కువ భాగం తండ్రి బీజంలో పుడతాయని తేలింది. ఈ బాబు విషయంలో ఎటు నుంచన్నది మీ కాగితాల్లో లేదు, తెలిసినా ఒరిగేదేమీ లేదు. తప్పుని కోడలి మీద నుంచి కొడుకు మీదకు జరపమని దీన్ని చెప్పడం లేదు. చేత్తో రాసేటప్పుడు పడిన అచ్చుతప్పుకి రాసినవాణ్ణి జైల్లో పెడతామా! రెండోది, ఆ మాట మీరు అన్నది కోడలితో మాత్రమే కాదు. ఆ పిల్ల పుట్టినప్పుడు మీరు బాలసారెకి వెళ్లి ఎత్తుకున్న మేనకోడలు. ఊళ్లోవాళ్లు వంద అన్నా తట్టుకోగలదు, మేనత్త అన్నది తట్టుకోలేదు.

ఎలా వెనక్కి తీసుకోవాలో మీరే చూసుకోవాలి. వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు "తప్పుగా మాట్లాడాను" అంటే ఆ పిల్లకి ఊరట. కానీ మీ మరదలు, పక్కింటివాళ్లు అనడం ఆపరు, మీరు ఒప్పుకున్నారని వాళ్లకు తెలియదు కదా. అలా కాకుండా మీ తమ్ముడు, మరదలు ఉన్నప్పుడు ఆ రెండో కాగితం తీసి, చదవడం వచ్చిన పిల్లలెవరితోనైనా చదివించి, "ఇది ఎవరి నుంచీ రాలేదు, నేను అనకూడని మాట అన్నాను" అన్నారనుకోండి. మీకు తలవంపుగా ఉంటుంది, ఆ పూట మరదలు నాలుగు మాటలు ఎక్కువే అనవచ్చు. మీ ఇంట్లో అందరికీ పెద్ద మీరే కాబట్టి, మీ నోటి నుంచి వచ్చాక ఆ నేరం మళ్లీ ఎవరూ ఎత్తడం కష్టం. నాకు రెండోదే నచ్చుతుంది. అయినా రోజూ ఆ ఇంట్లో ఉండేది మీరు.

రెండో బిడ్డ సంగతి. తల్లిదండ్రుల రక్తంలో మార్పు లేదు కాబట్టి ఇదే జబ్బు మళ్లీ వచ్చే అవకాశం బాగా తక్కువ, నూటికి ఒకటి దరిదాపుల్లో అని చెబుతారు. సున్నా అని ఎందుకు చెప్పరంటే, ఒక్కోసారి రక్తంలో కనిపించని మార్పు అండాల్లోనో బీజాల్లోనో కొన్నింటిలో దాక్కుని ఉండవచ్చు. మీ అబ్బాయి భయపడేది పాతిక శాతం అనుకుని కావచ్చు. అది మేనరికపు జబ్బుల లెక్క, దీనికి వర్తించదు. ముందు ఆ అంకె అతనికి సరిగ్గా తెలియాలి.

తెలిశాక కూడా వాళ్లకు దారులు మూడున్నాయి. ఏ పరీక్షా లేకుండా ధైర్యం చేయవచ్చు, నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ఈ జబ్బు రాదు, కానీ తొమ్మిది నెలలూ కంటి మీద కునుకు ఉండకపోవచ్చు. లేదా బాబులో ఉన్న మార్పు ఏదో కచ్చితంగా తెలుసు కాబట్టి కడుపులో బిడ్డకు అదొక్కటీ ఉందో లేదో చూడవచ్చు. 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీస్తారు, లేదంటే 16 వారాలు దాటాక ఉమ్మనీరు తీస్తారు. దీనికి విశాఖో హైదరాబాదో వెళ్లాలి, డబ్బవుతుంది, గర్భం పోయే ప్రమాదం కొద్దిగా ఉంటుంది. (ఆడా మగా చెప్పరు, చెప్పకూడదు, అడగకండి.) ఒకవేళ ఉందని తేలితే ఏం చేస్తారన్నది పరీక్షకు ముందే భార్యాభర్తలు మాట్లాడుకుని ఉండాలి. చట్టం 2021లో మారింది, తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేలిస్తే 24 వారాలు దాటినా గర్భం తీయించుకునే వీలుంది. తీయించుకుని తీరాలని మాత్రం ఎవరూ అనలేరు, మీతో సహా. మూడో దారి, ఇక వద్దనుకోవడం. ఉన్న బాబుకి రోజంతా మనిషి కావాలి, కోడలి ఒంట్లో ఓపిక ఎంతుందో ఆ పిల్లే చెప్పగలదు. "తోడుగా ఇంకో బిడ్డ ఉంటే రేపు వీణ్ణి చూసుకుంటాడు" అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. పుట్టని బిడ్డ నెత్తిన అంత బరువు పెట్టకూడదు.

నిర్ణయానికి ముందు ఒకసారి జన్యు నిపుణుల దగ్గర కూర్చోవడం మంచిది. హైదరాబాద్ నిమ్స్‌లో దానికి ప్రత్యేక విభాగమే ఉంది. అయిదు నిమిషాలు కాకుండా తీరిగ్గా చెబుతారు. బాబుని ఇంట్లో మీ దగ్గర వదిలి వాళ్లిద్దరూ వెళ్తే ఇంకా మంచిది.

రెండో అబ్బాయి పెళ్లి. ఇక్కడ నేను చెప్పేది మీకు తిరకాసుగా అనిపిస్తుంది. బాబు జబ్బు మేనరికం వల్ల కాదన్నాను. అలాగని మేనరికం మంచిదనడం లేదు. ఏ చుట్టరికం లేని దంపతులకైనా పెద్ద లోపంతో బిడ్డ పుట్టే అవకాశం నూటికి రెండు మూడు ఉంటుంది. మేనత్త మేనమామ పిల్లల మధ్య అయితే అది సుమారు రెట్టింపు, నూటికి నాలుగు నుంచి ఆరు. అప్పుడూ నూటికి తొంభై నాలుగు మంది బాగానే పుడతారు, అందుకే మన ఊళ్లలో "మాకేం కాలేదే" అనేవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు. అయితే మీరు ఉత్తరంలో ఒక వాక్యం మామూలుగా రాసి వదిలేశారు, "మా అమ్మ కూడా మేనమామనే చేసుకుంది" అని. తరం తరవాత తరం ఇలాగే కలుపుకుంటూ వస్తే ఈ అంకె ఇంకా పెరుగుతుంది.

కాబట్టి సంబంధం తెంచినా ఉంచినా, బాబుని కారణంగా చూపించకండి. "పెద్దదాని కొడుకుని చూశాం కదా" అని తెంచారంటే, మీ కోడలు దాన్ని తన కొడుకు మీద తీర్పుగానే వింటుంది. అబద్ధపు తీర్పు కూడాను. ఉంచదలిస్తే పెళ్లికి ముందే ఇద్దరికీ పరీక్షలు చేయించవచ్చు. తలసేమియా లాంటి వాటికి మామూలు రక్తపరీక్ష చాలు. ఎక్కువ జన్యువులు ఒకేసారి చూసే పరీక్షలున్నాయి, ఖరీదు, పైగా అన్నీ పట్టుకోలేవు. ఇద్దరిలో ఒకే లోపం దొరికితే ముందే తెలిసినట్టు. ఏమీ దొరకకపోతే భయం తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఇంత రాశారు కానీ ఆ రెండో పిల్ల ఏమంటోందో ఎక్కడా రాయలేదు! నాలుగేళ్ల కిందట మాట అనుకున్నప్పుడు తనకు ఎన్నేళ్లు? ఇప్పుడు నర్సింగ్ చదువుతోందని మీరే అన్నారు. ఈ జబ్బు సంగతి మీ ఇంట్లో అందరికంటే తనకే బాగా అర్థమై ఉంటుంది. అక్క కష్టం చూస్తూ, బావని చేసుకోనని పెద్దవాళ్ల ముందు అనలేక ఊరుకుందేమో, చేసుకుంటానని పట్టుదలగానే ఉందేమో. మీ అబ్బాయినీ అలాగే, విడిగా అడగండి. వాళ్లిద్దరిలో ఎవరు వద్దన్నా ఇక పరీక్షల అవసరమే రాదు.

పొలం గురించి మాత్రం నేను అటూ ఇటూ మాట్లాడలేను. ఫిట్స్‌కీ, ఎదుగుదల లోపానికీ స్టెమ్ సెల్ వైద్యం పనిచేస్తుందని రుజువు లేదు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బుల్లో చేసే మూలకణ మార్పిడి తప్ప, మిగతావన్నీ పరిశోధన కిందే లెక్క. పరిశోధన అంటే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షలు కట్టమన్నారంటే అక్కడే సంగతి తెలిసిపోతోంది. కళాసీలు చాలని మిల్లుకి కొత్త గోడలు కట్టినట్టు ఉంటుంది ఆ వైద్యం. ఈ జన్యువు మీద విదేశాల్లో మందులకీ జన్యుచికిత్సకీ ప్రయత్నాలు నడుస్తున్నాయి, అవి ఇంకా వైద్యంగా అందే దశకు రాలేదు. అమ్మేస్తే డెబ్భై సెంట్లు తిరిగి రావు. బాబుకి ముప్ఫై ఏళ్లు వచ్చినప్పుడు ఆ పొలం ఉండటమే వాడికి వైద్యం కావచ్చు. అయితే మీ అబ్బాయితో "అదంతా మోసం" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. ఏదో ఒకటి చెయ్యాలన్న ఆరాటం అతనిది. చేయడానికి నిజంగా పనికొచ్చేవి చూపిస్తే చేస్తాడు.

అవి ఇవి. సదరం క్యాంపులో వైకల్య ధ్రువపత్రం తీసుకున్నట్టు మీ ఉత్తరంలో లేదు. జిల్లా మారింది కాబట్టి ఇప్పుడు విజయనగరం వైపే తిరగాలి, గ్రామ సచివాలయంలో స్లాట్ బుక్ చేస్తారు. నలభై శాతం దాటితే నెలకు 6,000 పింఛనుకి అర్హత ఉంటుంది. నిరామయ అనే కేంద్ర పథకం కింద ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య బీమా ఉంది, థెరపీ ఖర్చులకూ కొంత వస్తుంది. ఫిజియోథెరపీకి జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటరు, మండలంలో భవిత కేంద్రం అడగండి. ఇవి తిప్పించుకుంటాయి, విసుగొస్తుంది, అయినా మీ అబ్బాయి ఆరాటాన్ని ఇటు పెట్టమనండి.

మొక్కుల గురించి నాకే అభ్యంతరమూ లేదు. అరసవల్లి వెళ్లినా, పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం చూడబోయినా, మందుల సంచీ చేతిలో ఉండాలి. పసరు మందు కోసం మూడు రోజులు మాత్రలు ఆపామని రాశారు కదా, అది చదివి నాకు కాళ్లు చల్లబడ్డాయి. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆపితే ఆగని మూర్ఛ వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, తాళాల గుత్తి చేతిలో పెట్టినందువల్ల ఒరిగేదేమీ లేదు. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరిగెత్తడమే. మూర్ఛ ఆపడానికి ఇంట్లో ఉంచుకునే ముక్కు స్ప్రే గురించి డాక్టరుగారిని ఈసారి మీరే అడగండి.

చివరికి, మామ్మా అని పిలుస్తాడా? ఈ జబ్బున్న పిల్లల్లో కొందరికి కొన్ని మాటలు వస్తాయి, చాలామందికి రావు. మూడేళ్ల నాలుగు నెలలకు రాలేదు కాబట్టి వస్తుందని మాట ఇవ్వలేను. సాధారణంగా ఇది ఏటికేడు చిన్నతనంలోనే దిగజారే జబ్బు కాదు, నిదానంగానైనా నేర్చుకుంటూ పోతారు. పిలవడానికి నోరే అక్కర్లేదు. థెరపీ చేసేవాళ్లు బొమ్మల అట్ట ఒకటి తయారుచేయమంటారు, అన్నం, నీళ్లు, బయటికి, అమ్మ, ఇలా. పిల్లవాడు కావలసినదాని మీద చెయ్యి వేస్తాడు. చెయ్యి వణుకుతుంది కాబట్టి బొమ్మలు పెద్దవిగా ఉండాలి. రాజాంలో ఏ స్టూడియోలోనైనా మీ ఫొటో పెద్దది ఒకటి తీయించి, లామినేషన్ చేయించి, ఆ అట్ట మీద అంటించండి. వాడు దాని మీద చెయ్యి వేసిన ప్రతిసారీ మీరు "ఓయ్" అని పలికి ఎదురుగా రావాలి. గేదెకి పాలు పితుకుతున్నా సరే, చెంబు కింద పెట్టి రావాలి.